పాడిగేదెనిచ్చి పెయ్యదూడను తెచ్చుకోవచ్చా?

సంతకెళ్లిన పెద్దాయన పాలిచ్చే గేదెను ఇచ్చేసి, బదులుగా ఓ పెయ్యదూడను తోలుకొచ్చాడనుకోండి. ఇంట్లో ఏమంటారు? 'రేపట్నుంచి పిల్లలకు పాలెక్కడివి?' అని ఒకరు. 'రెండేళ్లు ఓపిక పడితే మనింట్లోనే పాడి కదా' అని మరొకరు. అక్కడితో ఆగితే ఫర్వాలేదు. ఆ గేదెను తీసుకున్నది పక్కింటివాడనీ, అతనికీ మనకీ పదేళ్లుగా పోటీ అనీ తెలిస్తే మాత్రం గొడవే! సరిగ్గా ఇలాంటి వాదనే అమెరికాలో ఏటా జులై వచ్చేసరికి ఎన్నో ఇళ్లలో, ఆఫీసుల్లో నడుస్తుంది. అక్కడ గేదె స్థానంలో ఉండేది పేరున్న బేస్‌బాల్ ఆటగాడు. దూడ స్థానంలో ఉండేది నిన్నమొన్న మైదానంలోకొచ్చిన కుర్రాడు. సంత పేరు... ఫ్యాంటసీ బేస్‌బాల్ కీపర్ లీగ్!

ఇంతకీ ఏమిటీ ఆట?

బ్యాటు పట్టక్కర్లేదు, మైదానానికి వెళ్లక్కర్లేదు. ఓ పదిమందో పన్నెండుమందో స్నేహితులు కలిసి, అసలు బేస్‌బాల్ ఆడుతున్న ఆటగాళ్లను కాగితం మీద 'కొనుక్కుని' తలా ఒక జట్టు తయారుచేసుకుంటారు. నిజమైన మ్యాచ్‌లో ఆ ఆటగాళ్లు ఎలా ఆడితే వీళ్ల జట్లకు అలా పాయింట్లు వస్తాయి.

ఈ ఆటకు ఇప్పుడున్న రూపమిచ్చిన మనిషి డేనియల్ ఓక్రెంట్. రచయిత, ఎడిటర్. 1979 చివర్లో విమాన ప్రయాణంలో ఉండగా ఆయనకు ఈ ఆలోచన వచ్చింది. న్యూయార్క్‌లో 'లా రోటిస్సరీ ఫ్రాన్సేజ్' అనే హోటల్లో భోజనానికి కలిసే మిత్రులకు చెబితే వాళ్లు ఎగిరి గంతేశారు. అలా 1980లో మొదటి లీగ్ మొదలైంది. హోటల్ పేరు మీదుగా దానికి 'రోటిస్సరీ బేస్‌బాల్' అన్న పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడు చాలా లీగుల్లో ఒక్కో జట్టుకు 260 డాలర్ల ఊహాధనం, దాంతో వేలంపాటలో 23 మందిని కొనుక్కోవాలి. అందులో 14 మంది బ్యాటర్లు, 9 మంది పిచర్లు.

అప్పట్లో ఇంటింటా కంప్యూటర్లు లేవు. పత్రికల్లో అచ్చయ్యే గణాంకాలు చూసి చేత్తో కూడికలు వేసుకునేవారు. 1981 వేసవిలో బేస్‌బాల్ ఆటగాళ్లు సమ్మెకు దిగడంతో క్రీడా విలేకరులకు రాయడానికేం దొరక్క ఈ కొత్త ఆట గురించి రాశారు. దాంతో అది ఊరూరా పాకింది. విచిత్రమేంటంటే... ఆటను కనిపెట్టిన ఓక్రెంట్ మాత్రం ఆ తొలి లీగులో ఒక్కసారీ గెలవలేదు!

రిటెన్షన్ లాంటిదే... కీపర్

మామూలు లీగులో సీజన్ అయిపోగానే జట్లన్నీ రద్దయిపోతాయి. మరుసటి ఏడాది మళ్లీ మొదటి నుంచి మొదలు. కీపర్ లీగులో అలా కాదు. కొందరు ఆటగాళ్లను వచ్చే ఏడాదికీ అట్టిపెట్టుకోవచ్చు. ఐపీఎల్ వేలానికి ముందు ఫ్రాంచైజీలు ఇష్టమైన ఆటగాళ్లను 'రిటెయిన్' చేసుకోవడం చూస్తుంటాం కదా, అలాంటిదే. అయితే ఇక్కడో కిటుకుంది. ఆటగాణ్ని అతని ఇప్పటి విలువకు కాదు, కొన్న ధరకే- లేదా దానికి కొద్దిగా కలిపి- ఉంచుకోవచ్చు. ఏడాదికి 5 డాలర్లు కలపాలన్నది చాలా లీగుల్లో కనిపించే నియమం. ఎవరికీ తెలియనప్పుడు 5 డాలర్లకు కొన్న కుర్రాడు రేపు 25 డాలర్ల ఆటగాడైతే? పాతికేళ్ల కిందట ఊరి బయట గజాల లెక్కన స్థలం కొనుక్కున్నవాడికి తగిలిన అదృష్టమే అది.

అందుకే కీపర్ లీగులో రెండు కాలాలు ఒకేసారి నడుస్తుంటాయి. పట్టికలో పైన ఉన్నవాడికి ఈ ఏడాది ముఖ్యం. కింద ఉన్నవాడికి వచ్చే ఏడాది ముఖ్యం. ఒకడి దగ్గర దూడ ఉంది, గేదె కావాలి. ఇంకొకడి దగ్గర గేదె ఉంది, దూడ కావాలి. బేరం పుట్టేది అక్కడే!

బావా... ఇచ్చెయ్!

డాలస్‌లో పన్నెండుమంది ఆడుకునే లీగు ఒకటుందనుకుందాం. అందులో ఇద్దరు మనవాళ్లే- వరసకు బావ, బావమరిది. పోయినేడాది టైటిల్ బావమరిదిది. రెండే రెండు పాయింట్ల తేడాతో బావను ఓడించాడు. అప్పట్నుంచి ఏ పండక్కి కలిసినా, ఎవరింట్లో భోజనాలకు కూర్చున్నా ఆ రెండు పాయింట్ల ప్రస్తావన రాకుండా ఉండదు. ఈసారి తారుమారైంది. గాయాలతో బావమరిది జట్టు తొమ్మిదో స్థానానికి జారిపోయింది. బావ రెండో స్థానంలో ఉన్నాడు. జులై చివరి వారం ఓ రాత్రి ఫోన్ మోగింది.

''బావా, నా దగ్గరున్న పెద్దాయన్ని తీసుకో. నీ కుర్రాణ్ని నాకిచ్చెయ్.''

పెద్దాయనంటే 33 ఏళ్ల హిట్టర్. హోమ్ రన్లు దంచుతాడు. కానీ 38 డాలర్ల ధర, పైగా లీగు ఒప్పందం ఈ ఏడాదితో సరి. కుర్రాడికి 22 ఏళ్లు. బావ 5 డాలర్లకు కొన్నాడు. వచ్చే ఏడాది 10 డాలర్లకు, ఆపై ఏడాది 15 డాలర్లకు ఉంచుకోవచ్చు.

బావకు నిద్ర పట్టలేదు. ఇవ్వాలా, వద్దా? ఇస్తే ఈ ఏడాది కప్పు రావచ్చు. కానీ వచ్చే రెండేళ్లూ తన పెరట్లో పెరిగిన కుర్రాడే ఎదురింట్లోంచి తనను ఓడిస్తుంటే చూడాలి. ఇలాంటప్పుడు మనసు మాట వింటే మోసపోతాం. కాగితం, కలం తీసుకోవాల్సిందే.

మొదటి లెక్క: ఈ ఏడాది

ఈ లీగులో పది విభాగాలుంటాయి. బ్యాటింగ్‌లో సగటు, హోమ్ రన్లు, పరుగులు, ఆర్‌బీఐలు (రిజర్వు బ్యాంకు కాదండోయ్, ఒక బ్యాటర్ కొట్టిన దెబ్బకు తన జట్టు సాధించిన పరుగులు), స్టీల్స్. అంటే పిచర్ బంతి వేస్తుండగా పరిగెత్తి తర్వాతి బేస్‌ను 'దొంగిలించడం'. పిచింగ్‌లో మరో ఐదు. ఒక్కో విభాగంలో మొదటి స్థానానికి 12 పాయింట్లు, ఆఖరి స్థానానికి ఒకటి. మొత్తం కలిపితే వచ్చేది జట్టు స్కోరు.

ఇందులో కొత్తవాళ్లు పొరబడేది ఒక్కచోటే. 'ఎవరు గొప్ప ఆటగాడు?' అని అడుగుతారు. అడగాల్సింది 'అతనొస్తే నేనెన్ని మెట్లెక్కుతాను?' అని. ఒక విభాగంలో మన పైనున్న జట్టు 30 హోమ్ రన్ల దూరంలో ఉంటే ఎంత గొప్ప హిట్టరొచ్చినా ఒక్క పాయింటు పెరగదు. అదే నలుగురూ ఒకరి భుజాలొకరు రాసుకుంటూ నిలబడి ఉంటే, పది హోమ్ రన్లు చాలు... నలుగుర్నీ దాటేయొచ్చు.

బావ లెక్క చూద్దాం. ఇదే ఊపు కొనసాగితే సీజన్ చివరికి అతని మొత్తం 88 పాయింట్లు, మొదటి స్థానంలో ఉన్న జట్టుకు 91. మిగిలిన రెండు నెలల్లో కుర్రాడి కంటే పెద్దాయన 7 హోమ్ రన్లు, 17 ఆర్‌బీఐలు, 5 పరుగులు ఎక్కువ చేస్తాడని అంచనా. స్టీల్స్ మాత్రం 10 తగ్గుతాయి. సగటు ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే.

హోమ్ రన్లలో బావ 231 దగ్గర ఆగేట్టున్నాడు. పైన 234, 236తో ఇద్దరున్నారు. 7 కలిస్తే 238. ఇద్దర్నీ దాటేస్తాడు, రెండు పాయింట్లు లాభం. ఆర్‌బీఐలు 880. పైన 886, 891, 895తో ముగ్గురు. 17 కలిస్తే 897. మూడు పాయింట్లు. పరుగుల్లో పైవాడు 10 దూరంలో ఉన్నాడు, 5 కలిసినా ప్రయోజనం సున్నా. స్టీల్స్ 141 నుంచి 131కి పడిపోతాయి. 134తో వెనకున్న జట్టు ముందుకెళ్తుంది. ఒక పాయింటు నష్టం. మొత్తమ్మీద 5 రాక, 1 పోక. నికరంగా నాలుగు. 88 కాస్తా 92 అవుతుంది. 91ని దాటేసినట్టే!

ఇల్లు అలకగానే పండగ కాదు

ఆగండాగండి. ఇది బావ గురించిన లెక్కే. మిగతా వాళ్లకేమవుతుందో కూడా చూడాలి. ఆర్‌బీఐల్లో బావ దాటే ముగ్గురిలో మొదటి స్థానంలోని జట్టు కూడా ఉందనుకుందాం. అప్పుడు దానికో పాయింటు తగ్గి 90 అవుతుంది. భలే! కానీ హిట్టర్ వెళ్లిపోవడంతో బావమరిది హోమ్ రన్లు 225 నుంచి 218కి పడతాయి. అక్కడ 221తో కాచుక్కూర్చున్నది ఎవరు? అదే మొదటి స్థానంలోని జట్టు! పోయిన పాయింటు దానికి తిరిగొచ్చేసింది. మళ్లీ 91. ఇటు స్టీల్స్‌లో బావమరిది 118 నుంచి 128కి ఎగబాకుతాడు. బావ 131 దగ్గరున్నాడు కాబట్టి మూడంటే మూడు స్టీల్స్ తేడాతో తప్పించుకున్నాడు.

చివరికి మిగిలేది 92, 91. ఒకే ఒక్క పాయింటు ఆధిక్యం. బేరం లేకపోతే మూడు పాయింట్ల వెనుకబాటు. టైటిల్ ఖాయమని కాదు, కానీ దూరంగా ఉన్నది చేతికందేంత దగ్గరకొచ్చింది. ప్రత్యర్థుల మధ్య మార్పిడిలో చూడాల్సింది ఇదే. మనకేం వచ్చిందన్నదొక్కటే కాదు... మన చేతిలోంచి పోయింది ఎవరి గిన్నెలో పడిందన్నది కూడా.

రెండో లెక్క: వచ్చే ఏడాది

ఇప్పుడు దూడ ధర కట్టాలి. కుర్రాడు వచ్చే ఏడాది 22 డాలర్ల ఆట ఆడతాడని, ఆపై ఏడాది 26 డాలర్ల ఆట ఆడతాడని అనుకుందాం. ఉంచుకునే ధరలు 10, 15. తీసేస్తే లాభం 12, 11. మొత్తం 23 డాలర్లు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కానీ అసలు లాభం అంతకంటే ఎక్కువ. ఎందుకంటే కీపర్ లీగు వేలంలో ధరలు మండిపోతాయి!

అదెలాగంటే... పన్నెండు జట్ల దగ్గర తలా 260 చొప్పున మొత్తం 3,120 డాలర్లుంటాయి. మొత్తం ఆటగాళ్ల విలువా అంతే. వేలానికి ముందే జట్లన్నీ కలిపి 1,120 డాలర్ల విలువైన ఆటగాళ్లను 720 డాలర్లకే అట్టిపెట్టుకున్నాయనుకోండి. చేతుల్లో మిగిలిన డబ్బు 2,400. బజార్లో మిగిలిన సరుకు విలువ 2,000. సరుకు తక్కువ, డబ్బు ఎక్కువ. పండగ ముందురోజు పూలమార్కెట్లో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. 20 శాతం ధరలు పెరుగుతాయి. అంటే 22 డాలర్ల ఆటగాణ్ని వేలంలో కొనాలంటే దాదాపు 26, 26 డాలర్ల ఆటగాడికి 31 పెట్టాలి. ఆ లెక్కన కుర్రాడి మీద లాభం ఏడాదికి 16 చొప్పున రెండేళ్లకు 32 డాలర్లు.

అంటే బావ వదులుకుంటున్నది 32 డాలర్లు. బావమరిది వదులుకుంటున్నదేమిటి? తొమ్మిదో స్థానంలో ఉన్నవాడికి ఈ ఏడాది హోమ్ రన్లతో పనేముంది! సీజన్ అయిపోగానే పెద్దాయన ఎలాగూ వెళ్లిపోతాడు. అతనికి ఇది పోయే దానిమ్మీద వచ్చే లాభం. అందుకే ఫోన్ ముందుగా మోగింది ఇటు నుంచి కాదు... అటు నుంచి!

అరచేతిలో వైకుంఠం

అయితే ఆ 32 డాలర్లు ఇంకా చేతికి రాలేదు. కుర్రాళ్ల మీద అంచనాలు నీటిమీది రాతల్లాంటివి. 2024 వసంతంలో ఇద్దరు కుర్రాళ్ల గురించి అమెరికా అంతా మాట్లాడుకుంది. ఒకరు బాల్టిమోర్‌కు చెందిన జాక్సన్ హాలిడే. దేశంలోకెల్లా మేటి కుర్రాడన్న పేరుతో ఏప్రిల్‌లో మైదానంలోకొచ్చాడు. మొదటి పది మ్యాచుల్లో 34 ప్రయత్నాలకు రెండే హిట్లు. వెంటనే కింది స్థాయి జట్టుకు తిరుగు టపా! మరొకరు పిట్స్‌బర్గ్ పిచర్ పాల్ స్కీన్స్. మేలో వచ్చి 1.96 సగటుతో ఆ ఏడాది మేటి కొత్త ఆటగాడి అవార్డు ఎగరేసుకుపోయాడు. మరుసటేడాది మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు కూడా అతనిదే. ఆ మార్చిలో ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి 'ఎవరు కావాలి?' అంటే హాలిడేకే ఓటేసినవాళ్లు ఎందరో.

పోనీ పేరున్నవాళ్లయితే ఢోకా లేదా? రోనాల్డ్ అకూన్యా జూనియర్ 2023లో 41 హోమ్ రన్లు కొట్టి, 73 స్టీల్స్ చేసి మేటి ఆటగాడిగా నిలిచాడు. మరుసటేడాది మే నెలలో మోకాలి లిగమెంటు తెగి 49 మ్యాచులతోనే ఇంటిదారి పట్టాడు. అతని మీద ఆశలు పెట్టుకున్న ఫ్యాంటసీ జట్లన్నీ అక్కడితో కుంటుపడ్డాయి. అందుకే అనుభవమున్నవాళ్లు కుర్రాడి లాభాన్ని సగానికి సగం తగ్గించి లెక్క కడతారు. 32 అంటే 16 అనే అనుకుంటారు. కీడెంచి మేలెంచమన్నారు కదా పెద్దలు.

ఇంకో చిక్కుంది. కాకిపిల్ల కాకికి ముద్దు. తాను ఏరికోరి 5 డాలర్లకు కొన్న కుర్రాడంటే బావకు ప్రాణం. అదే కుర్రాడు వేరొకరి జట్టులో ఉంటే అంత విలువ కడతాడా? దీనికో చిన్న పరీక్షుంది. 'ఈ కుర్రాడు నా దగ్గర లేడు, పెద్దాయన ఉన్నాడు. ఇప్పుడు పెద్దాయన్నిచ్చి కుర్రాణ్ని కొంటానా?' అని తిరగేసి అడుక్కోవాలి. టైటిల్ వేటలో ఉన్న బావ 'కొనను' అనుకుంటే జవాబు దొరికినట్టే.

చరిత్ర చెప్పిన బేరాలు

నిజమైన బేస్‌బాల్లోనూ ఇలాంటి మార్పిళ్లు జరిగాయి. కొన్ని దశాబ్దాలపాటు కడుపు మండించాయి కూడా.

1964 జూన్ 15. చికాగో కబ్స్, సెయింట్ లూయిస్ కార్డినల్స్... ఒకే లీగులో ఆడే, ఒకరంటే ఒకరికి పడని జట్లు. లూ బ్రాక్ అనే కుర్రాణ్ని కబ్స్ వదులుకుని, కార్డినల్స్ నుంచి ఎర్నీ బ్రోలియో అనే పిచర్‌ను తెచ్చుకుంది. ప్రధానంగా ఈ ఇద్దరి చుట్టూ తిరిగిన ఆ బేరంలో మరికొందరూ అటూఇటూ మారారు. అంతకుముందు ఏడాదే బ్రోలియో 18 మ్యాచులు గెలిచాడు. బ్రాక్ ఏమో ఒక మోస్తరు ఆటగాడు. కబ్స్‌కే లాభమని ఆ రోజు చికాగోలో రాసినవాళ్లున్నారు. తీరా చూస్తే బ్రోలియో చేయి దెబ్బతింది. కబ్స్ తరఫున గెలిచింది ఏడే మ్యాచులు. బ్రాక్ ఆ ఏడాదే కార్డినల్స్‌కు వరల్డ్ సిరీస్ అందించడంలో ముందు నిలిచాడు. 938 స్టీల్స్, 3,023 హిట్లతో రిటైరై 1985లో హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కాడు. ప్రత్యర్థికిచ్చిన కుర్రాడు ఎంతకాలం ఎదురొస్తాడో చెప్పడానికి అమెరికన్లు ఇప్పటికీ ఈ కథే చెబుతారు.

1987 ఆగస్టులో డెట్రాయిట్ టైగర్స్ టైటిల్ వేటలో ఉంది. అట్లాంటా నుంచి 36 ఏళ్ల డాయిల్ అలెగ్జాండర్‌ను తెచ్చుకుని, 20 ఏళ్ల జాన్ స్మోల్ట్జ్‌ను ఇచ్చేసింది. పెద్దాయన అదరగొట్టాడు. తొమ్మిది విజయాలు, ఒక్క ఓటమి లేదు. టైగర్స్ తమ డివిజన్‌ను సీజన్ ఆఖరి రోజున గెలుచుకుంది. కానీ తర్వాతి అంచెలో మిన్నెసోటా చేతిలో ఓడిపోయింది. రెండేళ్లకే అలెగ్జాండర్ ఆట ముగిసింది. స్మోల్ట్జ్ 213 విజయాలు, 154 సేవ్‌లు సాధించి 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. మరి టైగర్స్ చేసింది తప్పా? అతను లేకపోతే ఆ డివిజన్ దక్కేదే కాదు. ఇప్పటికీ తేలని వాదన ఇది.

మూడోది 2016 నాటిది. ఈసారి అదే కబ్స్. 1908 తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచిందే లేదు. జులైలో యాంకీస్ నుంచి పిచర్ అరోల్డిస్ చాప్‌మన్‌ను తెచ్చుకోవడానికి గ్లేబర్ టోరెస్ అనే 19 ఏళ్ల కుర్రాడితోపాటు మరో ముగ్గుర్ని ఇచ్చేసింది. టోరెస్ తర్వాత యాంకీస్ తరఫున రెండుసార్లు ఆల్‌స్టార్ అయ్యాడు. అయినా చికాగోలో విచారించినవాళ్లు తక్కువే. ఎందుకంటే ఆ నవంబరులో 108 ఏళ్ల నిరీక్షణ ముగిసింది!

మూడు కథలూ చెప్పేది ఒకటే. దూడనిచ్చి గేదెను తెచ్చుకోవడం తప్పు కాదు. గేదె పాలివ్వకపోతేనే కష్టం. అది తెలియనప్పుడు చేయగలిగింది ఒక్కటే... బేరమాడేటప్పుడే జాగ్రత్తపడటం.

మిగతా పదిమంది ఒప్పుకోవద్దూ?

కీపర్ లీగుల్లో స్నేహాలు చెడేది సాధారణంగా ఇక్కడే. బావ, బావమరిది మార్పిడి చేసుకున్నారని తెలియగానే మొదటి స్థానంలో ఉన్నాయన ఊరుకుంటాడా? 'ఇది కుమ్మక్కు' అంటాడు. చాలా లీగుల్లో మిగతావాళ్లు ఓటేసి మార్పిడిని ఆపేసే వీలుంది. కొన్ని లీగుల్లో ఆ నిర్ణయం కమిషనర్‌ది, అంటే లీగును నడిపే పెద్దమనిషిది.

'నాకు నష్టం కాబట్టి ఆపండి' అనడం న్యాయం కాదు. అడగాల్సినవి రెండే ప్రశ్నలు. ఒకటి: ఇద్దరికీ ఇందులో ఏదో ఒక లాభముందా? రెండు: ఒకరు తన జట్టు బాగుకోసం కాకుండా ఎదుటివాడి బాగుకోసం ఇస్తున్నారా? 'ఈ ఏడాది నీకు నేను సాయం చేస్తా, వచ్చే ఏడాది నాకు నువ్వు చెయ్' అన్న లోపాయికారీ ఒప్పందముంటే అది మోసమే. బావ, బావమరిది బేరంలో ఒకరికి ఈ ఏడాది టైటిల్ అవకాశం, మరొకరికి రెండేళ్ల లాభం. ఇద్దరికీ సొంత కారణముంది. కాబట్టి దీన్ని ఆపకూడదు. అయితే ఇద్దరూ చుట్టాలు కనుక లెక్కలన్నీ అందరి ముందూ పెట్టడం మర్యాద. అనుమానం రాకముందే చెబితే అది వివరణ, వచ్చాక చెబితే సంజాయిషీ.

మన ముంగిట్లో...

ఇదంతా అమెరికా గోల అనుకోనక్కర్లేదు. 2025 నవంబరులో చెన్నై సూపర్ కింగ్స్ తన రవీంద్ర జడేజాను, శామ్ కరన్‌ను ఇచ్చి రాజస్థాన్ రాయల్స్ నుంచి సంజు శాంసన్‌ను తెచ్చుకున్నప్పుడు తెలుగిళ్లలోనూ ఇదే చర్చ. చెన్నైకి ఎన్నో ఏళ్లు ఆడిన జడేజాను ప్రత్యర్థికి ఇచ్చేస్తారా అని కొందరు, అతనికంటే చిన్నవాడు, వికెట్ కీపర్ కూడా వస్తున్నాడుగా అని మరికొందరు. మనకు తెలియకుండానే మనమూ కీపర్ లీగు లెక్కలే వేశాం.

ఒక్క తేడా మాత్రం మరిచిపోకూడదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టంతో దేశమంతటా వాటికి అడ్డుకట్ట పడింది. రోజుకో జట్టు కట్టి, రాత్రికి రాత్రి లక్షలు వస్తాయని ఆశపడే ఆట వేరు. ఏళ్ల తరబడి అదే పన్నెండుమంది కలిసి ఆడుకునే కీపర్ లీగు వేరు. ఇక్కడ గెలిచినవాడికి మిగిలేది ముఖ్యంగా ఏడాదంతా గొప్పలు చెప్పుకునే హక్కు. ఓక్రెంట్ మిత్రుల లీగులోనైతే విజేత తలమీద ఓ సీసాడు చాక్లెట్ డ్రింకు గుమ్మరించేవారు. అదీ సన్మానం!

ఇంతకీ బావ ఏం చెయ్యాలి?

లెక్కలన్నీ ఒకచోట చేర్చి చూద్దాం. ఒప్పుకుంటే మూడు పాయింట్ల లోటు పోయి ఒక పాయింటు ఆధిక్యం. పోయేది కాగితం మీద 32 డాలర్లు, జాగ్రత్తగా లెక్కేస్తే 16. రెండో స్థానంలో ఉన్నవాడికి ఇది మంచి బేరమే. కాకపోతే వెంటనే 'సరే' అనకూడదు. ముందు పదో స్థానంలోనో, పదకొండో స్థానంలోనో ఉన్నవాళ్ల దగ్గర ఇలాంటి హిట్టరే దొరుకుతాడేమో అడగాలి. ఏటా వెనకబడే జట్టు చేతిలో కుర్రాడుంటే రేపు వచ్చే ముప్పు తక్కువ. అలా దొరక్కపోతేనే బావమరిది దగ్గరికి రావాలి. వచ్చినా పోటీదారుడికిస్తున్నందుకు కొసరు అడగాలి. వచ్చే ఏడాది కొత్త కుర్రాళ్ల ఎంపికలో బావమరిది మొదటి రౌండు అవకాశం కూడా ఇమ్మనొచ్చు. కూరగాయల దగ్గర కొసరడిగేవాళ్లం, ఇక్కడెందుకు మొహమాటం?

''కొసరిస్తేనే బేరం'' అని బావ అంటే, ''సొంత బావమరిది దగ్గర కూడానా బావా!'' అని అటునుంచి నిష్ఠూరం. రెండు రోజులు ఫోన్లు, అలకలు. చివరికి ఒప్పుకుంటాడు, ఎందుకంటే అతనికీ ఆ కుర్రాడు కావాలి.

ఇదంతా వంటింట్లోంచి వింటున్న అక్కకు ఒకటే బాధ. ఒకరు భర్త, ఒకరు తమ్ముడు. సెప్టెంబరులో ఎవరు గెలిచినా రెండోవాడి మొహం చూడాల్సింది తనే. ''ఎవరి లెక్కలు వాళ్లు వేసుకోండి. ఆదివారం భోజనానికి మాత్రం ఇద్దరూ రండి. బేరం గురించి ఎత్తినవాడికి పెరుగు లేదు'' అని ముందే చెప్పేసింది.

బేరం ఏదైనా రెండేళ్లకో మూడేళ్లకో తేలిపోతుంది. కుర్రాడు హాలిడే బాట పట్టాడో, స్కీన్స్ అయ్యాడో అప్పటికి తెలుస్తుంది. మర్నాడు మళ్లీ ఆ ఇద్దరే ఎదురెదురుగా కూర్చుని ఇంకో బేరమాడాలి. అందుకే కీపర్ లీగులో అన్నిటికంటే జాగ్రత్తగా అట్టిపెట్టుకోవాల్సింది ఆటగాణ్ని కాదు, అవతలి మనిషిని!